మాట తెగితే ప్లాన్ పెంచడం మందు కాదు

సంపాదకుల వారికి,

వాట్సాప్ కాల్‌లో మాట ముక్కలవుతోందనో, ఇంటర్నెట్ లైన్ మీద నడిచే ఆఫీసు ఐపీ ఫోన్‌లో అవతలివాళ్ల గొంతు రోబోలా వస్తోందనో నెట్ ఆపరేటర్‌కు చెబితే వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో దొరికే జవాబు దాదాపు ఒకటే: “మీ ప్లాన్ చిన్నది సార్, 40 నుంచి 100కి మార్చుకోండి.” మారుస్తారు. నెల బిల్లు పెరుగుతుంది. సాయంత్రం ఏడయ్యేసరికి మాట మళ్లీ తెగుతుంది. ఇంటర్నెట్ కాల్‌కు అసలేం కావాలి, అది ఎక్కడ చెడుతుంది, ఇంట్లోనో ఆఫీసులోనో కూర్చుని ఎంతవరకు బాగుచేసుకోవచ్చు అన్నది మీ పాఠకులకు చెబుదామని ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది. లెక్కలు చెప్పకపోతే మాట మళ్లీ స్పీడ్ దగ్గరికే పోతుంది, అందుకని.

ఆఫీసు ఐపీ ఫోన్లలో ఎక్కువగా ఉండే జీ.711 కోడెక్ (కోడెక్ అంటే గొంతును డిజిటల్ డేటాగా మార్చే పద్ధతి) గొంతును సెకనుకు 64 కిలోబిట్లుగా మారుస్తుంది. దాన్ని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ముక్కకో ప్యాకెట్ చొప్పున పంపుతుంది. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. ఒక్కోదానిలో గొంతు 160 బైట్లు, దారి చూపే హెడర్లు 40 బైట్లు. అన్నీ కలిపితే 80 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు), ఈథర్‌నెట్ భారం కూడా చేరిస్తే 87. జీ.729 కోడెక్ అయితే హెడర్లతో కలిపి 24 చాలు. యాప్‌లలో బాగా వాడే ఓపస్ కోడెక్ లైన్ పరిస్థితిని బట్టి 6 కేబీపీఎస్ దాకా కూడా దిగగలదు. ఎటు చూసినా ఒక మాటల కాల్‌కు పోను ఒక 0.1, రాను ఒక 0.1 ఎంబీపీఎస్ (ఒక ఎంబీపీఎస్ అంటే వెయ్యి కేబీపీఎస్) మించదు. 40 ఎంబీపీఎస్ లైన్‌లో అది నాలుగు వందల్లో ఒక వంతు. దాన్ని వెయ్యిలో ఒక వంతు చేస్తే కాల్‌కు ఒరిగేదేముంది?

కాల్‌కు ముఖ్యం ఆ 50 ప్యాకెట్లూ వేళకు చేరడం. ఇటు నోటి నుంచి అటు చెవి దాకా 150 మిల్లీసెకన్ల లోపు అయితే మాట్లాడుకోవడం సహజంగా ఉంటుందని, 400 దాటితే నెట్‌వర్క్ ప్రణాళికకే పనికిరాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జీ.114 సిఫారసు చెబుతుంది. ఫోన్ గొంతును ప్యాకెట్ చేయడానికి, అవతలి ఫోన్ వాటిని సర్దుకోవడానికే 60 నుంచి 80 పోతాయి. మిగిలింది దారికి. దారి ఎంత? ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. వరంగల్ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు. ఒక్క మిల్లీసెకను కూడా పట్టదు. అయినా కాల్ 300, 400 ఆలస్యంతో నడుస్తోందంటే ఆ సమయమంతా దూరానికి కాదు, ఎక్కడో వరుసలో నిలబడటానికి పోతోంది.

ఆలస్యం కంటే చికాకు పెట్టేది ఆ ఆలస్యం నిలకడగా లేకపోవడం. దీన్ని జిట్టర్ అంటారు. ఒక ప్యాకెట్ 20కి, తర్వాతది 90కి, ఆ తర్వాతది 25కి వస్తే అవతలి ఫోన్ వాటిని జిట్టర్ బఫర్‌లో కొద్దిసేపు ఆపి, వరుసగా వినిపిస్తుంది. బఫర్ ఆగే సమయం కంటే ఆలస్యంగా వచ్చింది వచ్చినా రానట్టే, పారేస్తుంది. అందుకే “ప్యాకెట్ లాస్ సున్నా” అని ఆపరేటర్ చూపించినా మాట చెడే ఉంటుంది. జిట్టర్ 30 మిల్లీసెకన్ల లోపు, నష్టం ఒక శాతం లోపు ఉండాలన్నది నెట్‌వర్క్ పనివాళ్లు పెట్టుకునే గురి. అక్కడక్కడ ఒక్క ప్యాకెట్ పోతే ఫోనే ముందు ముక్కను సాగదీసి కప్పేస్తుంది, చెవికి తెలియదు. మూడు నాలుగు వరుసగా పోతే 60, 80 మిల్లీసెకన్ల గొంతు పోయినట్టే, ఒక అక్షరం మింగేస్తుంది.

జబ్బు ఏదో చెవితోనే చాలావరకు గుర్తు పట్టొచ్చు. గొంతు ఇనుప డబ్బాలోంచి వస్తున్నట్టు, ముక్కలు ముక్కలుగా ఉంటే జిట్టర్ లేదా నష్టం. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆగుతుంటే ఆలస్యం. మీ మాట మీకే తిరిగి వినిపిస్తుంటే తప్పు మీ దగ్గర లేదు. అవతలివాళ్లు స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నారు, వాళ్ల మైకు దాన్ని మళ్లీ పట్టి పంపుతోంది. వాళ్లను ఇయర్‌ఫోన్ పెట్టుకొమ్మంటే పోతుంది. ఒకవైపే వినిపించడం, లేదా కాల్ సరిగ్గా 32 సెకన్లకు కట్ కావడం అయితే లైన్‌తో సంబంధం లేదు, అది రూటర్ సెట్టింగ్. దాని గురించి కింద చెబుతాం.

ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో కాల్‌ను చెడగొట్టేది ఎక్కువగా అప్‌లోడ్ వైపు వరుస. ఫోన్ ఫొటోలు, వీడియోలు గూగుల్‌కు బ్యాకప్ అవుతుంటాయి. పెళ్లి వీడియోలు ఎక్కించే స్టూడియో ఉంటుంది. చిట్‌ఫండ్ ఆఫీసులో నాలుగు కెమెరాలు క్లౌడ్‌కు పంపుతుంటే ఒక్కోటి 2 ఎంబీపీఎస్ చొప్పున 8 అక్కడే అయిపోతుంది. అప్‌లోడ్ నిండగానే రూటర్ మిగతా ప్యాకెట్లను పారేయకుండా తన మెమరీలో దాచిపెడుతుంది. 5 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న లైన్‌లో 500 కిలోబైట్ల వరుస పేరుకుంటే అది ఖాళీ కావడానికి 0.8 సెకను. మీ గొంతు ప్యాకెట్ 200 బైట్లే అయినా దాని వెనకే నిలబడాలి, కొనుగోలు సెంటర్ ముందు వడ్ల లారీల వెనక మోటార్ సైకిల్ ఇరుక్కున్నట్టు. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. మీ మాట అవతలికి చెడిపోయి పోతుంది, వాళ్ల మాట మీకు మంచిగనే వస్తుంది కాబట్టి మీరు వాళ్ల నెట్‌నే తిడతారు. స్పీడ్ టెస్ట్ చూపే వేగం అంకెలో ఇది కనబడదు, ఎందుకంటే వరుస ఎంత నిండితే స్పీడ్ టెస్ట్ అంకె అంత బాగా వస్తుంది.

కొలవడం కష్టం కాదు. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు మీ రూటర్‌నే పింగ్ చేయండి, అంటే చిన్న ప్యాకెట్ పంపి జవాబు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూడండి; చాలావాటి చిరునామా 192.168.1.1 ఉంటుంది. చివర హైఫన్ టీ (-t) పెడితే ఆపేదాకా నడుస్తుంది. ఇక్కడే అంకెలు 2, 3 నుంచి ఎగిరి 80, 100 అవుతుంటే జబ్బు వైఫైది, ఆపరేటర్‌ను పిలిచి లాభం లేదు. రూటర్ దాకా నిలకడగా ఉంటే గూగుల్ సర్వర్ 8.8.8.8ను ఐదు నిమిషాలు పింగ్ చేయండి. సుమారు 300 పింగ్‌లు పోతాయి, వాటిలో మూడు తప్పితే ఒక శాతం నష్టం. మూడోసారి అదే పింగ్ నడుస్తుండగా ఒక పెద్ద వీడియోను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఖాళీగా 15 ఉన్న అంకె 400కి పోయిందా, మందు వరుసకు వేయాలి. 15 కాస్తా 30 అయి ఆగిందా, మీ లైన్ బాగానే ఉంది, వేరే చోట వెతకండి. ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో కలిపి ఒకసారి, వైఫైతో ఒకసారి చేస్తే ఇంకా తేటగా తెలుస్తుంది.

వరుసకు మందు ఉంది. ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ అనే వరుస పద్ధతులు ఒక్కో కాల్, ఒక్కో డౌన్‌లోడ్‌కు వేరే వరుస పెట్టి, చిన్న ప్రవాహాలను ముందు పంపుతాయి, పేరుకుపోతున్నవాటిని త్వరగా పారేసి పంపేవాడిని నెమ్మదించేలా చేస్తాయి. వీటికి మూలమైన కోడెల్‌ను 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ప్రకటించారు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన రూటర్లలో ఎస్‌క్యూఎం పేరుతో, మైక్రోటిక్ కంపెనీ రూటర్లలో వాటి సాఫ్ట్‌వేర్ రూటర్ ఓఎస్ 7.1 నుంచి ఇవి ఉన్నాయి. మార్కెట్లో గేమింగ్ పేరుతో అమ్మే కొన్ని రూటర్లలోనూ ఉంటాయి, అట్టపెట్టె మీద కాదు, సెట్టింగుల్లో చూసి కొనాలి.

పెట్టేటప్పుడు తప్పులు జరిగేది మూడు చోట్ల. కొలిచిన అప్‌లోడ్‌లో 85 నుంచి 90 శాతమే హద్దుగా రాయాలి. పూర్తి అంకె రాస్తే వరుస మీ రూటర్‌లో కాక ఆపరేటర్ ఇచ్చిన మోడెమ్ డబ్బాలో పేరుకుంటుంది, అక్కడ మీ చేయి సాగదు. ప్లాన్ కాగితం మీది అంకె కాదు, సాయంత్రం రద్దీ వేళ కేబుల్ మీద కొలిచిన అంకె తీసుకోండి. రెండోది, మైక్రోటిక్‌లో ఫాస్ట్‌ట్రాక్ ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు మీరు పెట్టిన వరుసను తాకకుండానే పోతాయి. అన్నీ సరిగ్గా పెట్టినా ఫలితం లేదంటే ముందు చూడాల్సింది ఇదే. ఇతర రూటర్లలో దీన్నే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్, యాక్సిలరేషన్ అంటారు. మూడోది, చవక రూటర్ ప్రాసెసర్ ఈ పనికి పెద్ద స్పీడ్‌లలో చాలదు, మొత్తం స్పీడే పడిపోతుంది. అలాంటప్పుడు అప్‌లోడ్‌కు మాత్రమే పెట్టండి, సగం పైగా బాధ తీరుతుంది. ఇవేవీ లేని ఆపరేటర్ డబ్బాయే మీకు గతి అయితే కెమెరాల క్లౌడ్ బిట్‌రేట్ తగ్గించడం, ఫోన్ బ్యాకప్‌ను రాత్రికి మార్చడం పైసా ఖర్చు లేని పని.

ఆఫీసుల్లో చేసే ఇంకో పని గొంతు ప్యాకెట్లకు డీఎస్‌సీపీ గుర్తు, అంటే వీటిని ముందు పంపమని చెప్పే అంకె, వేయడం. గొంతుకు 46, కాల్ కలిపే సిప్ సంకేతాలకు 24 లేదా 26 వాడుక. ఫోన్ సెట్టింగుల్లో ఈ అంకె రాయగానే కాల్ బాగుపడుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. గుర్తు వేసినంత మాత్రాన ఏమీ కాదు. దాన్ని చూసి ముందు పంపే వరుస మీ స్విచ్‌లో, రూటర్‌లో ఉండాలి. మీ గడప దాటాక ఆ గుర్తును ఆపరేటర్లు తుడిచేయొచ్చు, మామూలు ఇంటర్నెట్‌లో దానికి హామీ లేదు. వైఫైలో ఒక తిరకాసు కూడా ఉంది. చాలా యాక్సెస్ పాయింట్లు (వైఫై ఇచ్చే పరికరాలు) డీఎస్‌సీపీలో మొదటి మూడు బిట్లే చూసి 46ను గొంతు వరుసలో కాక వీడియో వరుసలో పడేస్తాయి. ఇది సరిచేయాలని 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8325 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చింది. మంచి యాక్సెస్ పాయింట్లలో ఈ మ్యాపింగ్‌ను గొంతు వరుస అయిన 6కు మార్చుకునే వీలుంటుంది. వైఫైలో ఈ వరుసలను నడిపే డబ్ల్యూఎంఎం సెట్టింగ్‌ను మాత్రం ఎక్కడా ఆఫ్ చేయకండి.

వైఫై సంగతి త్వరగా చెప్పేస్తాం. కాల్ మాట్లాడేచోట సిగ్నల్ మైనస్ 67 డీబీఎం కంటే బలంగా ఉండాలి (డీబీఎం సిగ్నల్ బలానికి కొలత, మైనస్ అంకె సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ). యూట్యూబ్ మైనస్ 75లోనూ ఆడుతుంది, అది ముందే కొంత తెచ్చుకుని దాచుకుంటుంది కాబట్టి. కాల్‌కు ఆ వెసులుబాటు లేదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానెళ్లు తప్ప వేరేవి పెట్టొద్దు, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. డబ్బాను టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన, ఇన్వర్టర్ మీద పెట్టడం మన ఇళ్లలో అలవాటు. పై అంతస్తుకు స్లాబ్ దాటించడానికి వైర్‌లెస్ రిపీటర్ కంటే ఒక లాన్ కేబుల్, చివర ఇంకో యాక్సెస్ పాయింట్ మేలు. ఐపీ ఫోన్ ఉన్న టేబుల్‌కు కేబులే లాగండి, దానిమీద వాదన లేదు.

ఇక రూటర్ సెట్టింగుల సంగతి. చాలా రూటర్లలో సిప్ ఏఎల్‌జీ అనేది ముందే ఆన్ అయి వస్తుంది. సాయం చేద్దామని సిప్ సందేశాల్లోని చిరునామాలను మార్చి, తరచూ తప్పుగా మారుస్తుంది. ఒకవైపే గొంతు రావడానికి ఇది మొదటి అనుమానితుడు, ఆఫ్ చేసి రూటర్‌నూ ఫోన్‌నూ రెండింటినీ రీస్టార్ట్ చేయండి. 32 సెకన్ల కట్ వెనక ఉన్నదీ ఇలాంటిదే: కాల్ ఎత్తినట్టు ఒప్పుకునే ఏసీకే సందేశం అవతలికి చేరకపోతే సిప్ నియమం ప్రకారం 32 సెకన్లు చూసి కాల్ తెంచేస్తారు. పొద్దున బాగా మోగిన ఫోన్ కాసేపటికి ఇన్‌కమింగ్ మోగడం మానేస్తే రూటర్ ఆ దారిని మరిచిపోయినట్టు. ఈ కాల్స్ వాడే యూడీపీ దారులను కొన్ని రూటర్లు 30 సెకన్లకే మూసేస్తాయి, ఫోన్‌లో కీప్‌అలైవ్ (దారి మూసుకోకుండా పంపే చిన్న సందేశం) 20 సెకన్లు పెడితే తెరిచే ఉంటుంది. సొంత పీబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్ ఎక్స్ఛేంజ్) పెట్టుకున్న ఆసుపత్రులు, కాలేజీలు రూటర్‌లో వాన్ ఐపీ, అంటే ఆపరేటర్ ఇచ్చిన చిరునామా, చూసుకోవాలి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ఆపరేటర్ నాట్ వెనక ఉన్నారు, అంటే ఒకే బయటి చిరునామాను చాలామందితో పంచుకుంటున్నారు, రూటర్‌లో ఎన్ని పోర్టులు ఫార్వర్డ్ చేసినా బయటి నుంచి నేరుగా కాల్ రాదు. మారని సొంత చిరునామా, అంటే స్టాటిక్ ఐపీ, అడగాలి.

ఇవన్నీ బాగుండి కూడా తెగుతుంటే తీగ వైపు చూడాలి. ఫైబర్ డబ్బా సెట్టింగ్స్‌లో ఆప్టికల్ రిసీవ్ పవర్ అని ఉంటుంది. ఇళ్లకు ఫైబర్ ఇచ్చే మామూలు జీపాన్ పద్ధతి డబ్బాలకు మైనస్ 27 డీబీఎం చివరి హద్దు. ఆపరేటర్ దగ్గర ప్లస్ 3తో బయలుదేరిన వెలుగు, వెలుగును ఎనిమిది దారులకు పంచే స్ప్లిటర్ ఒకటి దాటితే సుమారు 10.5 పోతుంది, రెండోది దాటితే మరో 10.5. ఐదు కిలోమీటర్ల తీగకు ఒకటిన్నర, కనెక్టర్లకు రెండు. మీ ఇంటికి మైనస్ 21.5 చేరుతుంది, అది మంచిదే. కోతులు తీగ పట్టుకుని ఊగితే ఎక్కడో మడత పడుతుంది, లేదా తెగినచోట కరిగించి అతికే ఫ్యూజన్ చేయకుండా చేతితో బిగించి టేపు చుట్టి పోతారు. అక్కడ ఐదు పోతే మైనస్ 26.5. ఎర్ర లైటు వెలగదు, నెట్ వస్తూనే ఉంటుంది, కానీ బిట్లు చెడి ప్యాకెట్లు పోతుంటాయి. వాన పడ్డప్పుడు, గాలి వీచినప్పుడు మాత్రమే కాల్ చెడుతుందంటే ఇదే. ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం సాకెట్‌లో గుచ్చినా ఇంతే జరుగుతుంది, వాటి కొనలు వేర్వేరు కోణాల్లో చెక్కి ఉంటాయి. కరెంటు పోతే డబ్బాకు చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టుకోవచ్చు గానీ, స్తంభం మీద కరెంటుతో నడిచే స్విచ్ పెట్టిన ఆపరేటర్ అయితే వీధిలో కరెంటు పోగానే లైన్ పోతుంది. కనెక్షన్ తీసుకునేముందు ఇది అడిగి తెలుసుకోండి.

మొబైల్ డేటా మీద కాల్ వేరే లెక్క. మామూలు ఫోన్ కాల్‌కు (4జీ మీద పోయేదాన్ని వోల్టీ అంటారు) నెట్‌వర్క్ ప్రత్యేక దారి కేటాయిస్తుంది, కొంత వేగానికి హామీ ఉంటుంది, టవర్ దాన్ని ముందు పంపుతుంది. వాట్సాప్ కాల్ సినిమాలు, రీల్స్ పోయే దారిలోనే పోతుంది. మేడారం జాతరలో, ఏటూరునాగారం, తాడ్వాయి వైపు అడవి ఊళ్లలో యాప్ కాల్ తెగినా మామూలు కాల్ నడవడానికి కారణం ఇదే, అక్కడ యాప్ మీద పట్టుబట్టకండి. ఇంట్లో ఫైబర్ ఉండి సిగ్నల్ లేనివాళ్లు వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవచ్చు. అయితే ఆ కాల్ మొత్తం యూడీపీ పోర్టు 4500 మీద తాళం వేసిన సొరంగంలో పోతుంది కాబట్టి పోర్టు నంబర్లు చూసి ప్రాధాన్యం ఇచ్చే పాత క్యూఓఎస్ నియమాలు దాన్ని గుర్తు పట్టవు. ఎఫ్‌క్యూ-కోడెల్ పెట్టినవాళ్లకు ఈ బాధ లేదు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడే కుటుంబాలకు ఒక మాట. యూఏఈలో అనుమతి పొందిన యాప్‌ల మీదే ఇంటర్నెట్ కాల్ నడుస్తుంది. అక్కడి నుంచి వాట్సాప్ కాల్ కలవకపోతే ఇక్కడ రూటర్ మార్చి, ప్లాన్ పెంచి ప్రయోజనం లేదు. వీపీఎన్ దారిలో పోతే ప్యాకెట్లు ఇంకో దేశం తిరిగి వస్తాయి, ఆలస్యం పెరుగుతుంది, పైగా అక్కడి చట్టంతో చిక్కు. అనుమతి ఉన్న యాప్‌లో వీడియో ఆపేసి మాట మాత్రమే పెడితే లేబర్ క్యాంపుల ఇరుకు వైఫైలోనూ చాలావరకు వినబడుతుంది.

ఆపరేటర్లకు మా విన్నపం కొంచెం గట్టిగానే ఉంటుంది. ప్లాన్ కార్డు మీద డౌన్‌లోడ్ అంకె పెద్దగా వేసి అప్‌లోడ్ అంకె దాచడం మానండి. నాట్ వెనక పెడుతున్నారో లేదో రాతపూర్వకంగా చెప్పండి. కస్టమర్ డబ్బాలో అప్‌లోడ్ హద్దు పెట్టేటప్పుడు వరుస పొడవు కూడా తగ్గించి పెట్టండి. హైదరాబాద్‌లోనే ఇంటర్నెట్ కంపెనీలు డేటా ఇచ్చిపుచ్చుకునే నిక్సీ ఎక్స్ఛేంజ్ ఉండగా హైదరాబాద్‌కు పోవాల్సిన ప్యాకెట్‌ను ముంబై తిప్పి తేవడం ప్యాకెట్ పోయే దారి చూపే ట్రేస్‌రూట్ కమాండ్ కొట్టిన ఎవరికైనా కనబడుతుంది. రాష్ట్ర ప్రభుత్వ టీ-ఫైబర్ గ్రామాలకు తీగ చేర్చేటప్పుడు కూడా ఇదే అడగాలి. పంచాయతీ ఆఫీసులో, ఆరోగ్య కేంద్రంలో డాక్టర్‌తో ఆన్‌లైన్ సంప్రదింపుకు ఎన్ని ఎంబీపీఎస్ అన్నదానికంటే, లైన్ నిండినప్పుడు ఎంత ఆలస్యం అన్నది ఒప్పందంలో రాయించుకోవాలి.

2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సేవా నాణ్యత నిబంధనల్లో లేటెన్సీ (ఆలస్యం), ప్యాకెట్ నష్టం కూడా కొలమానాలు. కాబట్టి ఫిర్యాదులో “నెట్ స్లో” అని రాయకండి. తేదీ, వేళ, కేబుల్ మీద ఖాళీ పింగ్ ఎంత, అప్‌లోడ్ నడుస్తుండగా ఎంత, 300లో ఎన్ని తప్పాయి, ఆప్టికల్ పవర్ ఎంత అని రాసి, ఫిర్యాదు నంబర్ తీసుకోండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి ఆ నంబర్‌తోనే రాయాలి, అది లేకుండా అప్పీలు తీసుకోరు.

ఇట్లు,
నెట్‌వర్క్ పనులు చేసే కొందరం,
హనుమకొండ